ముందు పటాన్ని వెనక్కి తిప్పి చూడండి

ఇంట్లో పాత ఆయిల్ పెయింటింగ్ ఉన్నవాళ్లు ఎవరు కలిసినా అడిగేది ఒకటే: "దీన్ని దేంతో తుడవాలి?" కొందరు అప్పటికే తుడిచేసి, తర్వాత అడుగుతారు. సగం కోసిన బంగాళాదుంప, నిమ్మరసం, వంటసోడా, కొబ్బరి నూనె, అద్దాలు తుడిచే స్ప్రే, బేబీ షాంపూ... వాడనిది లేదు. ఫోన్లో వీడియోలు చూస్తే ధైర్యం ఇంకా పెరుగుతుంది. మసిబారిన మొహం మీద దూది ఒక్కసారి అలా వెళ్తుంది, కింద నుంచి ఎర్రటి బుగ్గ బయటపడుతుంది. మన ఇంట్లో తాతగారి పటానికీ అలా చేస్తే బాగుండు అనిపించడం సహజమే.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. పాత ఆయిల్ పెయింటింగ్ కోసం ఇంట్లో చేయదగిన పని చాలా ఉంది. చేసి తీరాల్సిన పని కూడా ఉంది. కానీ అది దాదాపు అంతా బొమ్మ వెనకవైపు, ఫ్రేములో, గోడలో ఉంది. రంగు ఉన్న వైపు మన చెయ్యి పడకూడదు. "మా పటం, మా ఇష్టం" అన్న మాట కూడా నేను ఒప్పుకోను. పటం మనదే. అందులోని చెయ్యి మాత్రం వేరే మనిషిది, ఆ మనిషి మళ్లీ వచ్చి గీయలేడు.

మొదట, మీ దగ్గరున్నది అసలు ఆయిల్ పెయింటింగేనా? మన ఇళ్లలో ఆ పేరుతో వేలాడేవి చాలావరకు కావు. రవివర్మ లక్ష్మీ సరస్వతుల పటాలే తీసుకోండి. 1894లో ఆయన ముంబయిలో పెట్టించిన ప్రెస్సులో, తర్వాత అదే లోనావాలా దగ్గర మలవలికి మారాక అక్కడా అచ్చయిన ఓలియోగ్రాఫులు అవి. రాళ్ల మీద నుంచి ఒక్కో రంగూ కాగితం మీదికి అచ్చు వేసి, పైన వార్నిష్ పూసేవారు. భూతద్దం పెడితే సన్నటి చుక్కలు కనిపిస్తాయి. తడి గుడ్డ తగిలితే వార్నిష్ పగుళ్లలోంచి నీళ్లు దిగి కాగితం ఉబ్బుతుంది. ఇంకో రకం, స్టూడియో వాళ్లు పెద్దది చేసిన ఫోటో మీద రంగులు వేసి ఇచ్చినవి. చీర అంచు మీద, నగల మీద రంగు మందంగా కనిపించి, మొహం మాత్రం నున్నగా ఫోటోలా ఉంటే అనుమానించండి. తడి చేస్తే ఫోటో పైపొర మెత్తబడి రంగుతో సహా లేచి వస్తుంది. ఇక మూడోది అసలైనది, చెక్క చట్రం మీద బట్ట బిగించి గీసినది. ఈ మూడింట్లో మీది ఏదో తేలాలంటే ముందు నుంచి ఎంత చూసినా లాభం లేదు. గోడ మీద నుంచి ఇద్దరు పట్టుకుని దించి, మెత్తటి దుప్పటి పరిచిన బల్ల అంచుకి నిలబెట్టి, వెనక్కి తిప్పాలి.

అసలైన ఆయిల్ పెయింటింగే అని తేలితే జాగ్రత్త ఇంకా పెరగాలి. కారణం దాని తయారీలోనే ఉంది. నార బట్ట మీద జంతువుల చర్మం నుంచి తీసిన జిగురు పూత. దాని మీద తెల్లటి పూత. ఆపైన అవిసె నూనెలో నూరిన రంగులు. అన్నిటికన్నా పైన వార్నిష్. నూనె రంగు నీళ్ల రంగులా ఆవిరై ఆరదు. గాలిలోని ఆక్సిజన్ పీల్చుకుని నెమ్మదిగా గట్టిపడుతుంది. చేతికి అంటకుండా ఆరడానికి రోజులో వారాలో పడితే, లోపలి మార్పు దశాబ్దాల తరబడి సాగుతూనే ఉంటుంది. మనకి డెబ్భై ఏళ్ల పటం పాతదే గానీ, రసాయనాల లెక్కలో ఆ రంగు ఇంకా పూర్తిగా కుదురుకోనట్టే. అలాంటి దాని మీద స్పిరిటో అసిటోనో పెడితే వార్నిష్‌తో పాటు రంగులో మిగిలున్న మెత్తదనాన్ని కూడా లాగేస్తుంది. ఆ రోజుకి బాగానే కనిపిస్తుంది. కొన్నేళ్లకి అక్కడ రంగు పొడిబారి, వెలిసి, పెళుసెక్కుతుంది.

ఇంకో సంగతి ఉంది. నన్ను అన్నిటికన్నా బాధపెట్టేది ఇదే. మొహం గీసేటప్పుడు చిత్రకారుడు ముదురు రంగుల నుంచి మొదలుపెట్టి, లేత రంగుల మీదుగా వచ్చి, చిట్టచివర కంటిపాపలో తెల్లటి చుక్క పెడతాడు. పెదవి మీద పలచటి ఎరుపు, ఉంగరం రాయి మీద మెరుపు, కండువా అంచు జరీ, ఇవన్నీ ఆఖరి రోజు పనులు. అవి అన్నిటికన్నా పైన, అన్నిటికన్నా పలచగా ఉంటాయి. తుడిచే చేతికి మొట్టమొదట దొరికేవీ అవే. కొందరు చిత్రకారులు ఈ ఆఖరి పూతల్లో వార్నిష్ జిగురే కలిపేవారు. అలాంటి చోట వార్నిష్‌ని కరిగించేది రంగునీ కరిగిస్తుంది. మొహానికి జీవకళ తెచ్చిన గీతలు దూదికి అంటుకుని చెత్తబుట్టలోకి పోతాయి, మిగిలింది శుభ్రంగా ఉందని మనం సంతోషిస్తాం.

పాత చిత్రాల్ని శాస్త్రీయంగా బాగుచేసే నిపుణుడు, ఒక కన్సర్వేటర్, ఆయన పక్కన కూర్చుని ఆయన పని చూసే అవకాశం నాకు దొరికింది. వెదురు పుల్ల చివర దూది చుట్టి, దాన్ని తడిపి, బొమ్మ మీద రుద్దకుండా వేళ్ల మధ్య దొర్లించాడు. పోస్టల్ స్టాంపంత జాగా. రెండు మూడు సార్లు దొర్లించగానే దూదిని లైటు కిందకి తెచ్చి చూశాడు. గోధుమరంగు మసి అంటిందా, లేక ఆకుపచ్చో ఎరుపో ఏమైనా కనిపిస్తోందా అని. ఆ దూది పారేసి ఇంకోటి చుట్టాడు. పూటంతా అయినా పని ఆ మూల దాటలేదు. అంతకు ముందే ఆ పటం అంచుల్లో, ఫ్రేము కింద దాగే చోట, ఒక్కో రంగు మీదా వేరువేరుగా పరీక్ష చేసి నోట్సు రాసుకున్నాడు. నీలానికి పడింది ఎరుపుకి పడకపోవచ్చు కాబట్టి. ఇంట్లో వంటింటి బల్ల మీద మనం చేసే "కొంచెం తుడిచి చూద్దాం"లో ఇదేదీ ఉండదు.

కొన్నిచోట్ల మసి తీయడానికి వాళ్లు వాడేది ఉమ్మి అంటే చాలామంది నమ్మరు. అందులోని ఎంజైములు మురికిని మెల్లగా విడదీస్తాయి. పోర్చుగల్ పరిశోధకులు 1990లో దాని మీద పత్రం రాశారు, 2018లో వాళ్లకి ఇగ్ నోబెల్ బహుమతి వచ్చింది, ముందు నవ్వించి తర్వాత ఆలోచింపజేసే పరిశోధనలకి ఇచ్చేది. తెలిసినవాళ్లు వెతికేది ఎంత మెత్తటి పదార్థమో చూడండి, మనం పోసేది అద్దాల స్ప్రే. అలాగని ఉమ్మి మనకి పనికొస్తుందని కాదు. పగిలిన రంగు మీద ఏ తడి అయినా పగుళ్లలోంచి కిందికి దిగి జిగురు పూతని ఉబ్బిస్తుంది, పెచ్చు ఊడుతుంది.

"నల్లబడిపోయింది కదండీ, అలాగే వదిలేయమంటారా?" అని అడుగుతారు. డచ్ చిత్రకారుడు రెంబ్రాంట్ 1642లో గీసిన "నైట్ వాచ్" సంగతి చెప్తాను. అసలది రాత్రి దృశ్యమే కాదు. వార్నిష్ నల్లబడి, మసి పట్టి చీకటిగా కనిపించడం వల్ల తర్వాతి కాలంలో ఆ పేరు వచ్చింది. 1940ల్లో శుభ్రం చేశాక పగటి వెలుగు బయటపడింది. 1990లో ఒకడు ఆ చిత్రం మీద యాసిడ్ చల్లాడు. కాపలావాళ్లు వెంటనే నీళ్లు కొట్టారు, యాసిడ్ వార్నిష్ పొరలోనే ఆగిపోయింది. మురికిని, పొగని, ఆ రోజు యాసిడ్‌ని కూడా తన మీద ఆపుకున్నది ఆ వార్నిషే. అందుకే పసుపెక్కిన వార్నిష్‌ని చూసి కోపం తెచ్చుకోవడం నాకు నచ్చదు. అదే చిత్రం మీద ఇప్పుడు ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్ మ్యూజియంలో మళ్లీ పని జరుగుతోంది. 2019లో అద్దాల గది కట్టి, జనం చూస్తుండగానే పరిశీలన మొదలుపెట్టారు. పాత వార్నిష్ తీయడం 2024 చివర్లో గానీ మొదలవలేదు. ఐదేళ్లు చూసి, కొలిచి, ఆ తర్వాత దూది పట్టారు.

మా పెదనాన్న గారింట్లో, కాకినాడలో, మా ముత్తాత చిత్రం ఉండేది. ఇప్పటికీ ఉంది అనాలేమో. నల్ల కోటు, తలపాగా, చేతికర్ర మీద ఆనించిన చెయ్యి. గీసినవారి సంతకం లేదు గానీ చెయ్యి తిరిగినవారే. దవడ కింద నీడలో సన్నటి ఆకుపచ్చ కలిపారు, దూరం నుంచి చూస్తే అది ఒంటి రంగులాగే ఉండేది. ఎడమ కంటి రెప్ప కాస్త వాలి ఉండేది. ఆ రెప్ప మా నాన్నకీ ఉంది. ఇంట్లో పెళ్లి దగ్గర పడుతోంది, పటం మసకబారిందని ఊళ్లో ఒక ఆర్టిస్టుని పిలిపించి "ఫ్రెష్" చేయించారు. నేను వెళ్లేసరికి మొహమంతా ఒకటే గులాబీ రంగు, రెండు కళ్లూ సమానం, పైన అద్దంలా వార్నిష్.

"ఏరా, బాగుంది కదా? చూడు ఎలా మెరుస్తోందో" అన్నారు పెదనాన్న.

"మెరుస్తోంది పెదనాన్నా. తాతయ్య మాత్రం కాదు."

ఆయన నొచ్చుకున్నారు, నిజమే. కానీ అబద్ధం చెప్పి ఉంటే ఇంట్లో ఉన్న రెండో పటాన్ని కూడా అదే చేతికి ఇచ్చేవారు. ఆ ఆర్టిస్టు చెడ్డవాడు కాదు, చేతిలో పనితనం లేనివాడూ కాదు. రంగు ఊడిన చోట మాత్రమే వేయాలన్న నియమం ఆయనకి ఎవరూ చెప్పలేదు. పైగా ఆయన వాడింది మళ్లీ ఆయిల్ రంగులే. కన్సర్వేటర్లు ఊడిన చోట నింపడానికి ఆయిల్ రంగు వాడకుండా ఉండటానికి కారణం ఉంది. అది ఏళ్లు గడిచేకొద్దీ కింద ఉన్న అసలు రంగంత గట్టిగా తయారవుతుంది, రేపు తీయాలంటే రెండూ కలిసి వస్తాయి. పైగా దాని ఛాయ మారి, మచ్చలు తేలతాయి. వాళ్లు ముందు ఒక వార్నిష్ పొర వేసి, దాని మీద, సులువుగా కరిగిపోయే రంగులతో, ఊడిన జాగా వరకే నింపుతారు. తర్వాత వచ్చేవాడు ఇంకా బాగా చేయగలడు, వాడికి దారి మూయకూడదు అన్నది వాళ్ల పద్ధతి.

రోమ్‌లో 1939లో మొదలైన పునరుద్ధరణ సంస్థకి తొలి డైరెక్టరు చేజరే బ్రాండి ఈ విషయంలో ఇంకా ముందుకెళ్లాడు. ఆయన పద్ధతిలో ఊడిన చోట నిలువు గీతలతో, సన్నగా, పక్కపక్కన రంగులు వేస్తారు. నాలుగడుగుల దూరం నుంచి బొమ్మ నిండుగా కనిపిస్తుంది. దగ్గరికెళ్తే ఏది పాతదో ఏది కొత్తగా వేసిందో స్పష్టంగా తెలుస్తుంది. 1966 నవంబరు 4న ఫ్లోరెన్స్‌లో వరద వచ్చి, పాతకాలపు ఇటలీ చిత్రకారుడు చిమాబువే గీసిన పెద్ద శిలువ చిత్రంలో సగానికి పైగా రంగు కొట్టుకుపోయింది. అది ఆయిల్ కాదు, చెక్క మీద టెంపెరా, అంటే గుడ్డు సొనలో కలిపిన రంగు. అంత గొప్ప నిపుణులుండి కూడా, పోయిన చోట క్రీస్తు శరీరాన్ని మళ్లీ గీయలేదు. చుట్టూ ఉన్న రంగుల కలయికని సన్నగీతలతో అల్లి ఊరుకున్నారు. నాకు తెలిసి ఇంతకన్నా మర్యాదైన పని లేదు. 2012లో స్పెయిన్‌లోని బోర్హా ఊళ్లో, చర్చి గోడ మీది క్రీస్తు బొమ్మని ఎనభై దాటిన ఒక పెద్దావిడ తిరిగి గీస్తే లోకమంతా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఆవిడ ఆ బొమ్మ పాడైపోతోందని దిగులు పడి కుంచె పట్టింది. మన ఇళ్లలో జరిగేదీ అదే. ప్రేమ ఉంది, పద్ధతి లేదు.

సరే, మరి ఇంట్లో ఏం చేయాలి?

రాత్రి గదిలో లైట్లు ఆపేయండి. ఫోన్ టార్చిని పటానికి ఎదురుగా కాకుండా పక్క నుంచి, దాదాపు రంగుకి ఆనించినట్టు పెట్టి వెలిగించండి. పగలు నున్నగా కనిపించిన చోట గుంటలు, ఉబ్బులు, అంచులు పైకి లేచిన పెచ్చులు నీడలతో సహా తేలతాయి. నోట్లు పరీక్షించే యూవీ టార్చి దొరికితే ఇంకా మంచిది. పాత వార్నిష్ పచ్చపచ్చగా వెలుగుతుంది, దాని మీద తర్వాత ఎవరైనా రంగు పూసి ఉంటే ఆ చోట నల్లటి మచ్చలా కనిపిస్తుంది. పెచ్చులు లేచి ఉంటే ఇక అక్కడితో ఆగిపోవాలి. పటాన్ని రంగు పైకి ఉండేలా చదునుగా పడుకోబెట్టి, నిపుణుల కోసం వెతకాలి. రాలిన పెచ్చుల్ని ఊడ్చేయకండి, చిన్న డబ్బాలో దాచండి.

పెచ్చులు లేకపోతే వెనక పని మొదలుపెట్టొచ్చు. కింది చట్రం చెక్కకీ బట్టకీ మధ్య ఉండే సందులో ఏళ్ల తరబడి ఏం చేరుతుందో చూస్తే ఆశ్చర్యపోతారు. గోడ సున్నం పెళ్లలు, తుప్పు మేకులు, బల్లి గుడ్ల పెంకులు, కందిరీగ కట్టిన మట్టి గూడు. ముందు వైపు కింది అంచున ఎందుకో ఉబ్బిందని చూసే ఉబ్బు చాలాసార్లు వీటి వల్లే. అక్కడ రంగు పగులుతుంది. మెత్తటి కుంచెతో, సన్నటి అట్టముక్కతో, బట్టని నెట్టకుండా, మెల్లగా బయటికి తీయండి. మూలల్లో చిన్న చెక్క చీలలుంటాయి, బట్ట వదులైందని వాటిని సుత్తితో కొట్టకండి. ఒక్కసారిగా బిగిస్తే పెళుసు రంగు తట్టుకోదు. తర్వాత వెనకంతా ఒక సన్‌ప్యాక్ షీటు కోసి, బట్టకి తగలకుండా చట్రానికి స్క్రూలతో బిగించండి. ఎన్నికల బోర్డులకి వాడే షీటే. దుమ్ము, పురుగు, వెనక నుంచి తగిలే దెబ్బ, గాలిలో తేమ ఎక్కువతక్కువలు, అన్నిటికీ అది అడ్డు. ఇంత తక్కువ ఖర్చుతో పాత పటానికి ఇంత మేలు చేసేది ఇంకోటి లేదు.

ముందువైపు మనం చేయగలిగింది ఒకటే. పెచ్చులు లేవని ఖాయం చేసుకున్నాక, నిలబెట్టిన పటం మీద పొడి మేక వెంట్రుకల కుంచెతో పై నుంచి కిందికి దుమ్ము దులపడం. గుడ్డ వద్దు, దారాలు పగుళ్లకి తగులుకుంటాయి. బ్లేడుతో గీకడం, గరుకు కాగితం పెట్టడం అసలే వద్దు. పాత తెలుపులో సీసం ఉంటుంది, ఆ పొడి ఇంట్లో పిల్లలకి ప్రమాదం.

ఇక గోడ. మా కోస్తాలో వానాకాలం గాలిలో తేమ 80 శాతం దాటడం మామూలే. అప్పుడు జిగురు మెత్తబడి, బట్ట ముడుచుకుంటుంది. పెళుసెక్కిన రంగు మాత్రం ముడుచుకోలేదు, లేచి నిలబడుతుంది. తెలంగాణ ఎండాకాలంలో దీనికి వ్యతిరేకం, జిగురు ఎండి బిగుసుకుంటుంది. ఈ రెంటి మధ్య ఊగడమే పటాన్ని చంపేది. కాబట్టి వాన కొట్టే బయటి గోడకి, ఏసీ గాలి తగిలే చోట, వంటింటి పక్క గోడకి పెట్టకండి. ఫ్రేము కింది మూలల్లో రెండు బెండు ముక్కలు అంటిస్తే గోడకీ పటానికీ మధ్య గాలి ఆడుతుంది. పటాలు కట్టే షాపులో అద్దం వేయిస్తే, రంగుకి అద్దం ఆనకుండా మధ్యలో సన్న చెక్క పట్టీ పెట్టమని నిలబడి చెప్పండి. ఆనితే ఒక వానాకాలం చాలు, రంగు అద్దానికి అంటుకుపోతుంది.

బొట్టు సంగతి కూడా చెప్పాలి. దేవుడి పటానికైనా, పోయినవాళ్ల పటానికైనా గంధం, కుంకుమ, దండ మన ఇళ్లలో తప్పవు. నేను వద్దనను. అద్దం ఉంటే అద్దం మీద పెట్టండి, లేకపోతే ఫ్రేము చెక్క మీద. తడి గంధం ఆరుతూ ఆరుతూ కింద రంగుని పట్టి లాగుతుంది. దండకి గోడ మీద వేరే మేకు కొట్టండి.

ఇదంతా విన్నాక వచ్చే ప్రశ్న న్యాయమైనదే: నిపుణులు మా ఊళ్లో ఎక్కడున్నారు, అంత డబ్బు ఎవరి దగ్గరుంది? లక్నోలో 1976 నుంచి పాత కళావస్తువుల సంరక్షణకి కేంద్ర ప్రభుత్వ పరిశోధనశాల ఉంది. వారసత్వ సంపదని కాపాడే ఇన్‌టాక్ సంస్థ కన్సర్వేషన్ కేంద్రాలు ఢిల్లీ, లక్నో, భువనేశ్వర్, బెంగళూరుల్లో ఉన్నాయి. హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియానికి సొంత ల్యాబ్ ఉంది. రాజమండ్రి, గుంటూరు, వరంగల్ ఇళ్లకి ఇవన్నీ దూరమే. రాజమండ్రి చిత్రకారుడు దామెర్ల రామారావు ముప్పై నిండకుండానే 1925లో పోయారు. ఆయన చిత్రాలు రాజమండ్రి గ్యాలరీలో గోదావరి గాలి పీల్చుకుంటూ ఉన్నాయి. అలాంటి ఊరికి దగ్గర్లో ఆయిల్ పెయింటింగ్ బాగుచేసే శిక్షణ ఉన్న మనిషి దొరకడం కష్టమంటే అది మన రెండు రాష్ట్రాలకీ సిగ్గుచేటు. ఫైన్ ఆర్ట్స్ కాలేజీల్లో గీయడం నేర్పుతున్నాం. గీసినదాన్ని కాపాడటం కూడా ఒక కోర్సుగా నేర్పితే, ఊరికో ఇద్దరు పిల్లలకి జీవనోపాధి దొరుకుతుంది, మన ఇళ్లలో మొహాలు మిగులుతాయి.

అప్పటిదాకా డబ్బు లేనివాళ్లకి నేను చెప్పేది, ఆగమని. మురికికి తొందర లేదు. ఇంకో ఇరవై ఏళ్లు ఉన్నా అది మురికే, తీసే మనిషి దొరికిన రోజు తీయొచ్చు. డబ్బు పెట్టాల్సి వస్తే మూడింటికి పెట్టండి: పెచ్చులు రాలుతుంటే, చెద పడితే, పటం తడిస్తే. మెరుపు కోసం మాత్రం పెట్టకండి.

పటం దించిన రోజే ఇంకో పని చేయండి. ముందూ వెనకా ఫోటోలు తీసి, ఒక కాగితం మీద పెన్సిల్‌తో రాయండి. బొమ్మలో ఉన్నది ఎవరు, ఎవరి వైపు చుట్టం, ఎప్పుడు ఎక్కడ గీయించారు, తెలిస్తే గీసినవారి పేరు. దాన్ని బట్టకి కాకుండా వెనక షీటుకి అంటించండి. మా పెదనాన్న గారింటి పటం వెనక నేను రాసిన కాగితంలో ఇంకో రెండు లైన్లు ఉన్నాయి. మొహం మీద ఫలానా సంవత్సరం పెళ్లికి ముందు ఆయిల్ రంగులతో తిరిగి వేశారని, కింద పాత మొహం గీకకుండా అలాగే ఉండొచ్చని. ఆ పక్కనే ఎడమ రెప్ప కనిపించే పాత పెళ్లి ఫోటో కాపీ ఒకటి కవరులో పెట్టాను. ఎప్పటికైనా ఆ పై రంగు తీయగలిగే మనిషి వస్తే, ఆ చేతికి అది కావాలి.